సవరణ వేశారు సరే, మిగతా వాక్యాల సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీలో నౌపడా ఉప్పు మడుల మీద ఒక వార్త వేశారు. రెండు రోజులకి అదే పేజీ అడుగున చిన్న గడిలో దానికి సవరణ కూడా వేశారు. ఈ ఉత్తరం ఆ సవరణ గురించి. తప్పు పడిందని ఒప్పుకుని దిద్దడం మంచి పని, అందుకు ముందు మీకు థాంక్స్ చెప్పాలి. కానీ దిద్దిన పద్ధతి వల్ల మా వైపు ఎంత గందరగోళం అయిందో చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను టెక్కలి దగ్గర ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను, మా నాన్న ముప్ఫై ఏళ్లు ఉప్పు మడుల్లో పనిచేశాడు, మీ సవరణ వచ్చి సరిగ్గా ఈ రెండిటి మధ్యలో పడింది.

వార్తలో ఏముందో ఒకసారి గుర్తు చేస్తాను. ఎండ ఎంత మండితే ఉప్పు పలుకు అంత పెద్దదవుతుందని రాశారు. ఆ మాట పట్టుకుని ఇంకో మూడు మాటలు వరసగా రాశారు: మే నెల ఉప్పుకే పలుకు పెద్దది, మబ్బు పట్టిన రోజుల్లో సన్న ఉప్పే పడుతుంది, అందుకని ఊరగాయలకి పెద్ద పలుకు కావాల్సినవాళ్లు నడి ఎండల్లో కొనుక్కోవాలి. ఆఖర్న, తీసిన ఉప్పుని చిక్కటి ఉప్పునీటితోనే ఒకసారి కడిగితే చేదు తగ్గుతుందని కూడా ఉంది. సవరణలో మాత్రం ఒక్కటే వాక్యం: ఎండ తీవ్రత వల్ల పలుకు పెద్దదవుతుందన్నది పొరపాటు, నీరు నిదానంగా ఆవిరైతే పెద్ద పలుకు వస్తుంది. మిగతా నాలుగు మాటల గురించి ఏమీ లేదు.

మర్నాడు క్లాసులో ఒక పిల్ల లేచి "మేడమ్, అయితే ఆ వార్త మొత్తం తప్పేనా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ కుర్రాడు "ఒక్క లైనే తప్పంట, మిగిలిందంతా కరెక్టే" అనేశాడు. సాయంత్రం మా వీధి కిరాణా కొట్టు దగ్గర కూడా ఇవే రెండు పార్టీలు. కడిగితే చేదు పోతుందన్న మాట కూడా ఇంక నమ్మక్కర్లేదని కొట్టాయన, మే నెల ఉప్పే కొంటాను, దాన్ని పేపరోళ్లు దిద్దలేదు కదా అని మా పక్కింటి పిన్ని. ఇద్దరూ పొరబడ్డారు. ఒకరు అక్కర్లేనిది కూడా పారేశారు, ఇంకొకరు పారెయ్యాల్సింది దాచుకున్నారు. ఆ ఒక్క వాక్యంలో ఇద్దరికీ చాలినంత సమాచారం లేకపోవడమే కారణం.

ముందు ఉప్పు సంగతి చెప్తాను, ఎందుకంటే మీ సవరణలో ఉన్న మాట నిజం, కానీ ఎందుకు నిజమో తెలిస్తేనే మిగతావాటిని ఏం చెయ్యాలో తెలుస్తుంది. గాలి లేని పొద్దున్న ఉప్పు మడి గట్టు మీద గొంతుక్కూర్చుని నీటి పైకి చూస్తే తెల్లటి సన్న రేకులు తేలుతూ కనిపిస్తాయి. చిన్నప్పుడు వాటిని వేలి కొసతో ఎత్తి గోరు మీద పెట్టుకుని చూసేదాన్ని. నలుపలకల గిన్నె, నాలుగు వైపులా లోపలికి దిగే మెట్లు, అచ్చం గుడి కోనేరు. ఎవరూ చెక్కకుండానే ఆ మెట్లు ఎలా వచ్చాయో నాకు పాతికేళ్లు వచ్చేదాకా తెలీలేదు. అంచులు, మూలలు తాజా ఉప్పునీటిలోకి పొడుచుకుని ఉంటాయి కాబట్టి వాటికి ఉప్పు ముందు అందుతుంది, నడిమికి అందేలోపు అంచు ఇంకో పొర పెరిగిపోతుంది, బరువుకి పలుకు కొంచెం దిగుతుంది, నీటి మట్టం దగ్గర కొత్త అంచు మొదలవుతుంది. అలా దిగుతూ పెరుగుతూ కోనేరు తయారవుతుంది.

కంటికి కనిపించే మెట్ల లోపల కనిపించని మెట్లున్నాయి. ఉప్పులో సోడియం, క్లోరిన్ అయాన్లు గళ్ల బల్ల మీద పావుల్లాగా ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయని 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌రేలతో తేల్చారు. ఒక పొర మందం 0.28 నానోమీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటరు ఉప్పు పలుకులో సుమారు 35 లక్షల పొరలు. ఈ పొర ఎలా వేసుకుంటుందన్నది అసలు ప్రశ్న. పిల్లలకి నేను ఇటుకలతో చెప్తాను. గోడ నడిమిలో ఉన్న ఇటుకకి ఆరు వైపులా ఆరుగురు ఇరుగుపొరుగు. చదునైన చప్టా మీద ఒంటరిగా వాలిన ఇటుకకి కింద ఒక్కటే ఆసరా, అది ఇట్టే ఊడిపోతుంది. మెట్టు పక్కన ఆనుకుంటే రెండు ఆసరాలు. మెట్టులో వరస సగంలో ఆగిన మలుపు ఉంటుంది చూడండి, అక్కడ చేరితే మూడు. ఆరులో సరిగ్గా సగం. అక్కడ ఒకటి చేరాక ఆ మలుపు మాయమైపోదు, ఒక అడుగు పక్కకి జరుగుతుంది, మళ్లీ ఇంకొకటి చేరడానికి అదే చోటు సిద్ధం. ఈ మలుపు చోటు గొప్పతనాన్ని జర్మనీలో కోసెల్ 1927లో, బల్గేరియా ఆయన స్ట్రాన్స్కీ 1928లో ఎవరికి వారే పట్టుకున్నారు. స్ఫటికం ఉపరితలం అంతటా ఒకేసారి ఉబ్బదు, మెట్ల అంచుల దగ్గరే కదులుతుంది.

ఇప్పుడు నిదానం సంగతి. నీరు గబగబా ఆవిరైతే కరిగి ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉప్పు నీటిలో మిగిలిపోతుంది, అది ఉన్న మెట్ల దగ్గరకి చేరేదాకా ఆగదు, ఎక్కడికక్కడ కొత్త పలుకులు పుట్టేస్తాయి. నిదానంగా ఆవిరైతే కొత్తవి పుట్టడం తక్కువ, ఉన్న పలుకుల మెట్లకే ఉప్పు చేరుతుంది. ఉప్పు మొత్తం అంతే, పంచుకునేవాళ్ల సంఖ్యలో తేడా. అంచు ఒక మిల్లీమీటరు ఉన్న వెయ్యి పలుకుల ఉప్పంతా కలిస్తే అంచు ఒక సెంటీమీటరు ఉన్న ఒక్క పలుకు. క్లాసులో ఈ లెక్క చెయ్యగానే వెనక బెంచీ కూడా నిశ్శబ్దమైపోయింది.

అయితే ఈ మెట్ల సిద్ధాంతంలోనే ఒకప్పుడు పెద్ద చిక్కు వచ్చింది, అది చెప్తే మీ సవరణకీ దీనికీ ఉన్న సంబంధం బోధపడుతుంది. మెట్టు నడుచుకుంటూ పోయి స్ఫటికం అంచుకి చేరిందనుకోండి, పొర నిండిపోయింది, మెట్టే లేదు. కొత్త పొర మొదలవ్వాలంటే చదును చప్టా మీద కొన్ని అణువులు ఒకేసారి గుమిగూడి చిన్న దీవి కట్టాలి, లేకపోతే ఒక్క ఆసరాతో ఉన్నవి ఊడిపోతాయి. ఆవిరి నుంచి పెరిగే స్ఫటికానికి లెక్కవేస్తే, అలా దీవి కట్టడానికి ఆవిరి సాంద్రత సమతుల్య స్థితి కంటే 25 నుంచి 50 శాతం దాకా ఎక్కువుండాలని తేలింది. కానీ 1931లోనే వోల్మర్, షుల్ట్‌జ్ అనే ఇద్దరు అయొడిన్ స్ఫటికాల్ని ఆవిరిలో పెంచి చూస్తే 1 శాతం ఎక్కువున్నా చక్కగా పెరిగాయి. సిద్ధాంతం ఒకటి చెప్తోంది, కంటికి ఇంకొకటి కనిపిస్తోంది. ఇప్పుడు ఏది వదులుకోవాలి? ప్రయోగాన్నా? మెట్ల సిద్ధాంతం మొత్తాన్నా?

బ్రిస్టల్‌లో ఫ్రాంక్ అనే ఆయన 1949లో వదిలింది వీటిలో ఏదీ కాదు. ఎవరూ పైకి చెప్పకుండా లోపల పెట్టుకున్న ఒక ఊహ ఉంది: స్ఫటికంలో అమరిక ఎక్కడా చెదరదు, అన్నీ పొందిగ్గా ఉంటాయి. దాన్ని తీసేశాడు. స్ఫటికంలో ఒకచోట పొరలు మరలాగా మెలి తిరిగి ఉన్నాయనుకోండి, అప్పుడు పైన ఒక మెట్టు ఎప్పటికీ అయిపోకుండా ఉంటుంది, లైట్‌హౌస్ లోపలి మెట్లలాగా చుట్టూ తిరుగుతూ పైకి పోతూనే ఉంటుంది, కొత్త దీవి కట్టాల్సిన పనే లేదు. ఎక్కువ కాలం గడవకుండానే బెరిల్ అనే మరకత జాతి రాయి మీద ఆ సుడి మెట్లు మైక్రోస్కోపులో కనిపించాయి. 1951లో బర్టన్, కాబ్రేరా, ఫ్రాంక్ ముగ్గురూ కలిసి మొత్తం లెక్క కట్టారు: చప్టా మీద వాలిన అణువులు ఎంత దూరం తిరుగుతాయి, మెట్టుకి ఎప్పుడు చేరతాయి, మెట్టు ఎంత వేగంగా జరుగుతుంది, సుడి ఎంత దగ్గరగా చుట్టుకుంటుంది. ఈ రోజుకీ సెమీకండక్టర్ పొరలు పెంచేవాళ్లు మొదలుపెట్టేది ఆ పేపర్ దగ్గరే. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, సమీకరణాల గొప్ప ఒక ఎత్తు, ఏది తీసెయ్యాలో ఎంచుకున్న తీరు ఇంకొక ఎత్తు. ఒక్క ఊహ తీశారు, దాని మీద ఆనుకున్న దీవుల వాదం అవసరం తప్పింది, మలుపులు, మెట్లు, ఆసరాల లెక్క అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఉపరితలం పెరగడమే కాదు, వేడి చేస్తే దానంతట అది సర్దుకుంటుంది కూడా. ముల్లిన్స్ అనే ఆయన 1957లో లోహాల మీద దీని లెక్క కట్టాడు. అణువులు ఉపరితలం మీదే పాకుతూ మిట్టల నుంచి పల్లాలకి చేరతాయి, ఎత్తు మారే వేగం ఆ ఎత్తుకి నాలుగోసారి తీసిన అవకలజం (మార్పు రేటు) మీద ఆధారపడుతుంది. ఇంటర్ పిల్లలు రెండోసారి తియ్యడానికే టెన్షన్ పడతారు, నాలుగోసారిది దేనికని అడుగుతారు, దానికి జవాబు ఇదే. దాని ఫలితం ఏంటంటే, గరుకులో మిట్టకీ మిట్టకీ మధ్య దూరం రెట్టింపైతే అది చదునవడానికి పట్టే కాలం 16 రెట్లు.

ఇక నమ్మకాల సంగతి. ఒక మాట తప్పని తేలినప్పుడు దానితో పాటు ఏవి పోవాలి, ఏవి ఉండాలి అన్నది ఇంగితంతో తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. తేలదు. 1985లో అర్జెంటీనా న్యాయశాస్త్ర పండితుడు కార్లోస్ అల్చుర్రోన్, స్వీడన్ తత్వవేత్త పీటర్ గార్డెన్‌ఫోర్స్, తార్కికుడు డేవిడ్ మెకిన్సన్ కలిసి దీని మీద ఒక గణిత పత్రం రాశారు. అల్చుర్రోన్‌కి ఈ ప్రశ్న చట్టాల నుంచి వచ్చింది: ఒక చట్టంలో ఒక నిబంధన రద్దు చేశారు, కానీ మిగిలిన రెండు నిబంధనలు కలిపి చదివితే రద్దయినదే మళ్లీ వచ్చేస్తోంది, అప్పుడు ఆ రెండిట్లో ఏది తియ్యాలి? ముగ్గురూ మూడు పనులు విడదీశారు. కొత్త మాట ఊరికే చేర్చుకోవడం ఒకటి. ఉన్న మాట తీసెయ్యడం ఒకటి. ఉన్నవాటితో పడని కొత్త మాట వచ్చినప్పుడు సవరించుకోవడం ఒకటి. ఐజాక్ లెవీ అనే తత్వవేత్త చెప్పినట్టు ఈ మూడోది మొదటి రెండిటి కలయికే: ముందు అడ్డొచ్చేదాన్ని తీసెయ్యి, ఆ తర్వాత కొత్తదాన్ని చేర్చు. చేర్చడం సులువు, కష్టమంతా తియ్యడంలోనే. మీ సవరణ చేర్చే పని చేసింది. తీసే పని పాఠకుల నెత్తిన పెట్టింది.

తియ్యడం ఎందుకు కష్టమో మా నాన్న దగ్గర చూశాను. ఉప్పునీటి చిక్కదనం కొలవడానికి గాజు గొట్టం ఉంటుంది, నీటిలో వేస్తే ఎంత తేలిందో చూసి డిగ్రీలు చదువుతారు. సముద్రపు నీరు మూడు డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, 25 దాటాక ఉప్పు పడడం మొదలవుతుంది, 29, 30 వచ్చేసరికి చేదు లవణాలు దిగుతాయి కాబట్టి ఆ నీటిని వదిలేస్తారు. ఒక ఏడాది నాన్న టౌన్‌లో ఒక షాపులో కొత్త గొట్టం కొన్నాడు. అది 26 చూపించింది. రెండు రోజులు చూశాం, మడిలో ఒక్క పలుకు లేదు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. నా నోట్సులో మూడు వాక్యాలున్నాయి: 25 దాటితే ఉప్పు పడుతుంది, గొట్టం నిజం చెప్తుంది, గొట్టం 26 చెప్పింది. మూడూ నిజమైతే మడిలో ఉప్పుండాలి, లేదు, కాబట్టి మూడిట్లో ఒకటైనా పోవాలి. ఏది పోవాలో తర్కం చెప్పదు, మూడూ కలిసి ఉండకూడదని మాత్రమే చెప్తుంది. నేను మొదటి వాక్యాన్నే అనుమానించాను, పుస్తకంలో తప్పు పడిందేమో, మన నీరు వేరేమో అని. నాన్న నవ్వలేదు, కోప్పడలేదు. "నీరు పాతదే, మడి పాతదే, గొట్టవే కొత్తది. ముందు గొట్టాన్ని సూడు గుంటా" అన్నాడు. పక్క మడి వాళ్ల గొట్టం తెచ్చి వేస్తే 22. మాదాన్ని వెలుగులో పెట్టి చూస్తే లోపల కొలతలున్న కాగితం అంటు ఊడి పైకి జరిగి ఉంది.

నాన్న చేసిన పనికి పేరుంది. గార్డెన్‌ఫోర్స్, మెకిన్సన్ 1988లో ప్రతి నమ్మకానికీ ఎంత లోతుగా నాటుకుందన్న వరసక్రమం ఉంటుందని, తియ్యాల్సి వస్తే పైపైన ఉన్నదాన్ని ముందు తియ్యాలని గణితంగా రాశారు. ముప్ఫై ఏళ్లు ప్రతి వేసవిలో నిలబడ్డ మాట లోతుగా ఉంటుంది, పోయిన వారం కొన్న గాజు గొట్టం పైపైన ఉంటుంది. ఇక్కడ నాకు ఉప్పు పలుకు గుర్తొస్తుంది. ఒక్క ఆసరాతో ఉన్న అణువు ముందు ఊడుతుంది, ఐదు ఆసరాలున్నది ఊడదు, నమ్మకమూ అంతే అనిపిస్తుంది. ఈ పోలికని మరీ సాగదియ్యకూడదని నాకు తెలుసు. అణువుని పట్టుకునేది శక్తి, దాన్ని ప్రయోగశాలలో కొలవచ్చు, నమ్మకాన్ని పట్టుకునేది కారణం, ఆ వరస మనిషికీ మనిషికీ మారుతుంది. పైగా ఒక దెబ్బ తిన్నాక ఆ వరసే మారిపోతుంది. ఆ ఏడాది నుంచి నాన్న కొత్త గొట్టం ఏది కొన్నా ముందు మంచినీటిలో వేసి సున్నా చూపిస్తోందా అని చూసేవాడు. అలా సవరణ తర్వాత సవరణ వస్తుంటే వరస ఎలా మారాలన్న దాని మీద డార్విష్, పెర్ల్ 1997లో నియమాలు రాశారు, ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

1985 పత్రంలో అన్నీ ఒప్పుకోవాలని కాదు. అందులో ఒక నియమం నాకు మింగుడు పడదు, నాలాగే చాలామందికి పడలేదు. ఒక మాట తీసేసి, మళ్లీ అదే మాట చేరిస్తే, మొదట ఉన్నవన్నీ తిరిగి రావాలంటుంది ఆ నియమం. ఆమదాలవలసలో, అంటే మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, రైలు కోసం నిలబడ్డారనుకోండి. బండి రెండు గంటలు లేటని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. దాంతో బండి లేటని నమ్మారు. తీరా చూస్తే అది నిన్నటి మెసేజ్. లేటన్న నమ్మకం తీసేశారు, రెండు గంటలన్నదీ దాంతోనే పోయింది. కాసేపటికి మైకులో బండి లేటుగా వస్తోందని చెప్పారు, ఎంతో చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ రెండు గంటలని నమ్మి టిఫిన్‌కి పోతారా? ఎవరూ పోరు. కానీ ఆ నియమం ప్రకారం ఆ రెండు గంటలు తిరిగి రావాల్సిందే. స్వీడన్‌కే చెందిన స్వెన్ ఓవె హాన్సన్ ఇలాంటి ఉదాహరణలతోనే దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. సొంతంగా ఆధారమున్న నమ్మకాలు వేరు, వాటి నుంచి పుట్టిన నమ్మకాలు వేరు, రెండిటినీ ఒకే బుట్టలో వెయ్యకూడదన్న వాదం నాకు సబబుగా తోస్తుంది. కంప్యూటర్లలో ఈ పని 1979లోనే జాన్ డోయిల్ చేశాడు. ప్రతి నమ్మకం పక్కన అది ఏ కారణం మీద నిలబడిందో రాసిపెట్టుకోవడం, కారణం పోతే దాని మీద నిలబడ్డదాన్ని కూడా పక్కన పెట్టడం. పత్రికలకి నేను కోరేది ఈ పద్ధతే.

దీన్ని మీ వార్తకి పెట్టి చూద్దాం. ఎండ మాట పోయింది. మబ్బు రోజుల్లో సన్న ఉప్పే పడుతుందన్న మాట కూడా దాంతోనే పోవాలి, పైగా అది కొత్త మాటకి ఎదురు తిరుగుతోంది, మబ్బు రోజున నీరు ఇంకా నిదానంగా ఆవిరవుతుంది కదా. మే నెల ఉప్పు పలుకే పెద్దదన్నది వేరే రకం. అది తప్పని ఎవరూ నిరూపించలేదు, దానికున్న ఆసరా పోయింది, అంతే. మేలో కూడా మడిలో నీరు లోతుగా పెట్టి, కదపకుండా, ఉప్పు లాగే రోజు వెనక్కి జరిపితే పెద్ద పలుకు రావచ్చు, రోజూ లాగేస్తే రాదు. కాబట్టి దాన్ని అవుననీ కాదనీ అనకూడదు. తర్కంలో ఈ మూడో స్థితికి పూర్తి మర్యాద ఉంది, తీసివేత అంటేనే అది, ఉన్న మాటని తీసి దాని వ్యతిరేకాన్ని పెట్టకుండా ఊరుకోవడం. మన పత్రికల్లో, మన మాటల్లో దీనికి చోటు చాలా తక్కువ, తప్పు కాకపోతే ఒప్పు, ఒప్పు కాకపోతే తప్పు అనేస్తాం. నడి ఎండల్లో కొనుక్కోండి అన్న సలహా ఈ మే నెల మాట మీదే నిలబడింది కాబట్టి అదీ ఆగాలి. ఇక చిక్కటి ఉప్పునీటితో కడగడం. చేదు మెగ్నీషియం లవణాల వల్ల వస్తుంది, అవి పలుకుల పైన తడిలో ఉంటాయి, ఉప్పుతో నిండిన నీరు ఇంకా ఉప్పుని కరిగించుకోలేదు కానీ ఆ తడిని కడిగేస్తుంది. ఎండతో దీనికి సంబంధమే లేదు. అది చెక్కుచెదరకుండా ఉండాల్సిన మాట, మా కిరాణా కొట్టాయన దాన్ని అనవసరంగా పారేశాడు.

ఇంకో విషయం కూడా మీ సవరణల గడిలో కలగాపులగం అవుతోంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉందని అంతకు ముందు నమ్మినవాళ్లు పొరబడలేదు, అప్పటికి అది నిజం, తర్వాత లోకం మారింది. ఎండ ఎక్కువైతే పలుకు పెద్దదన్నది అలా కాదు, అది ఏ రోజూ నిజం కాదు. ఈ రెండు మార్పులకీ నియమాలే వేరని 1991లో కత్సునో, మెండెల్‌జాన్ చూపించారు. తేడా ఎక్కడ కనిపిస్తుందంటే పాత సంగతుల దగ్గర. రాజాం జిల్లా మారిందని తెలిశాక 2019 నాటి శ్రీకాకుళం జిల్లా లెక్కల్లోంచి రాజాం తీసెయ్యకూడదు. ఎండ మాట తప్పని తెలిశాక మాత్రం పాత వార్తల్లో ఎక్కడెక్కడ ఆ మాట మీద ఆధారపడ్డారో వెనక్కి వెళ్లి చూడాలి. మీరు రెండిటికీ 'సవరణ' అన్న ఒకే మాట వాడుతున్నారు. చిరునామా మారినా సవరణే, అబద్ధం పడినా సవరణే. పిల్లలకి జనరల్ నాలెడ్జ్ బిట్లు చెప్పేటప్పుడు నేను పడే అవస్థ ఇంతా అంతా కాదు, పాత పుస్తకంలో ఉన్నది తప్పా, పాతబడిందా అని ప్రతిసారీ విడమర్చాలి.

ఆ వార్త రాసిన విలేకరిని తప్పు పట్టడం లేదు. ఎండకి ఉప్పు వస్తుంది కాబట్టి ఎండ పెరిగితే ఉప్పు పలుకు పెరుగుతుందనుకోవడం ఎవరికైనా సహజమే, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. సవరణ అంటే పరువు తక్కువ పని అన్నట్టు పేజీ అడుగున, కళ్లజోడు పెట్టుకున్నా కనపడని అక్షరాల్లో వెయ్యడమే నాకు బాధ. ఫ్రాంక్ తీసేసిన ఒక్క ఊహ వల్ల స్ఫటికాల శాస్త్రం పెద్దదైంది, ఎవరి పరువూ పోలేదు. అదే వార్తకి నేనైతే ఇలా సవరణ వేసేదాన్ని:

'నౌపడా ఉప్పు వార్తలో, ఎండ మండేకొద్దీ పలుకు పెద్దదవుతుందన్నది మొదటి నుంచీ తప్పు. నీరు నిదానంగా ఆవిరైతే పలుకు పెద్దది. మబ్బు రోజుల గురించి రాసింది కూడా దీంతో తప్పయింది. మే నెల ఉప్పు గురించి, ఎప్పుడు కొనాలన్న దాని గురించి రాసినవాటికి ఇప్పుడు ఆధారం లేదు, వాటిని నమ్మకండి, అలాగని వ్యతిరేకం నిజమనీ అనుకోకండి. కడిగితే చేదు తగ్గుతుందన్నది నిజమే, దాని కారణం వేరు.'

ఐదారు వాక్యాలు, సినిమా వార్తలో సగం చోటు కూడా పట్టదు. ఇది చదివితే మా పక్కింటి పిన్నికీ, కొట్టాయనకీ గొడవుండదు. మీ ఆదివారం పేజీలో నెలకి ఒక్కసారైనా ఇలాంటి లెక్కల గురించి తెలుగులో రాయిస్తే మా పిల్లలకి మేలు చేసినవారవుతారు. సమీకరణం వేసినా పర్వాలేదు, పిల్లలు అనుకున్నంత భయపడరు, వాళ్ల ఊరి ఉప్పు గురించి అని తెలిస్తే అసలు భయపడరు. మీ విలేకరి ఎవరైనా వస్తానంటే పొద్దున్న ఆరింటికి మడుల దగ్గరకి తీసుకెళ్లి ఆ కోనేరు పలుకులు గోరు మీద పెట్టి చూపిస్తాను, ఒక భూతద్దం తెచ్చుకుంటే చాలు.

ఉత్తరం పొడుగైందని నాకు తెలుసు. చోటు చాలకపోతే ముల్లిన్స్ పేరా తీసెయ్యండి, మిగతా ఉత్తరంలో ఏదీ దాని మీద ఆధారపడి లేదు. గాజు గొట్టం సంగతి మాత్రం ఉంచండి, అది తీస్తే దాని కింద పేరా ఎందుకుందో చదివేవాళ్లకి తెలియదు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా